ఆ మాట ఆమె అనలేదు

మార్చి 8 దగ్గరపడుతోందంటే మా కాలేజీల్లో వక్తృత్వ పోటీలు మొదలవుతాయి. ఒకప్పుడు ఒక అంశం ఇచ్చి, అరగంట టైమిచ్చి, మాట్లాడమనేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల 'చరిత్రలో ప్రసిద్ధ ప్రసంగాలు' అని ఒక జాబితా చేతికిచ్చి, అందులో ఒకటి కంఠస్థం చేసి వేదిక మీద అప్పజెప్పమంటున్నారు. లింకన్ గెటీస్‌బర్గ్ ప్రసంగం, వివేకానందుడి చికాగో ప్రసంగం, నెహ్రూ అర్ధరాత్రి ప్రసంగం, మార్టిన్ లూథర్ కింగ్ వాషింగ్టన్ ప్రసంగం. మహిళా దినోత్సవం కదా అని చివర్న ఒక స్త్రీ పేరు. సోజర్నర్ ట్రూత్. 1851లో అమెరికాలో ఒక సభలో లేచి 'నేను స్త్రీని కానా?' అని అడిగిందని మనమంతా చెప్పుకునే నల్లజాతి స్త్రీ.

మా చుట్టుపక్కల కాలేజీల జాబితాల్లోకి ఆ పేరు రావడానికి నేనూ ఒక కారణం. పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఆ ప్రసంగాన్ని తెలుగులోకి తెచ్చాను. జిరాక్సు కాపీలుగా అది చాలా చేతులు మారింది. సభల్లో చదివాను, క్లాసుల్లో చెప్పాను. ఆ ప్రశ్న నాలుగోసారి వచ్చేచోట ప్రతిసారీ నా గొంతు వణికేది. హాల్లో చప్పట్లు మోగేవి.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఇంగ్లీషులో ఎక్కువగా దొరికే ఆ ప్రసంగ పాఠం అమెరికా దక్షిణాది తోటల్లోని బానిసల యాసలో ఉంటుంది. దాన్ని తెలుగులో ఎట్లా పట్టుకోవాలా అని ఆలోచించి, తెలంగాణ పల్లె భాషలో పెట్టాను. నాది గుంటూరు జిల్లా. ఆ భాష నాకు ఇంట్లో వచ్చింది కాదు. కథల్లో చదివి, హైదరాబాద్ హాస్టల్లో విని పట్టుకున్నది. 'నేను ఆడిదాన్ని గానా?' అని రాసుకున్న రోజు, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను.

రెండేళ్ల కిందట ఒక కాలేజీలో ఇట్లాంటి పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. చేతికిచ్చిన మార్కుల కాగితంలో నాలుగు గళ్లు: ఉచ్చారణ, కంఠస్వరం, హావభావాలు, సమయపాలన. వాదన అనే గడి లేదు. అది లేదన్న సంగతి ఆ రోజు నాకు తట్టను కూడా లేదు. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి నా అనువాదాన్నే అప్పజెప్పింది. ఎక్కడా తడబడలేదు. చెయ్యెత్తాల్సిన చోట చెయ్యెత్తింది. మొదటి బహుమతి ఇచ్చాం. అంతా అయ్యాక నేను ఆటో కోసం నిలబడి ఉంటే దగ్గరికొచ్చి అడిగింది:

"మేడం, ఆమె నిజంగనే అట్ల మాట్లాడిందా, మీరు అట్ల పెట్టిన్రా?"

ఇంగ్లీషులో కూడా యాస ఉంది, అందుకే అట్లా పెట్టాను అన్నాను. కాసేపు ఆలోచించింది. "మా నాయినమ్మ మాట్లాడినట్టే ఉంది మేడం. సినిమాల్ల పనిమనిషికి గూడ ఇట్లనే పెడ్తరు. మరి ఆమెది న్యూయార్క్ అని మీరే చెప్పిన్రు గదా. న్యూయార్క్ ఆమెకు దక్షిణం యాస ఎట్లొచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. డాక్టరేట్ ఉంది, జవాబు లేదు. ఆ పిల్లకి వచ్చిన సందేహం, ఆ ప్రసంగం మీద అన్నేళ్లు మాట్లాడిన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకు రాలేదన్నదే ఈ వ్యాసం.

ముందు ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు చెప్తాను. నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. చరిత్రకారిణి నెల్ ఇర్విన్ పెయింటర్ 1996లో అచ్చయిన సోజర్నర్ ట్రూత్ జీవిత చరిత్రలో ఇదంతా వివరంగా రాసింది. నా పీహెచ్‌డీ నాటికే ఆ పుస్తకం ఉంది. నేను చదవలేదు. చదవాల్సిన అవసరం ఉందనుకోలేదు, ఎందుకంటే ప్రసంగం నాకు అప్పటికే నచ్చేసింది.

ట్రూత్ అసలు పేరు ఇసబెల్లా. 1797 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని అల్‌స్టర్ కౌంటీలో, డచ్చి భాష మాట్లాడే యజమాని ఇంట్లో బానిసగా పుట్టింది. ఆమె మొదటి భాష డచ్చి. తొమ్మిదేళ్ల వయసప్పుడు ఇంగ్లీషు మాట్లాడే ఇంటికి అమ్మేశారు. యజమాని చెప్పింది అర్థంకాక అక్కడ దెబ్బలు తింది. ఇంగ్లీషు అట్లా నేర్చుకుంది. దక్షిణాది పత్తి తోటల్లో ఆమె ఎన్నడూ బతకలేదు. 1826లో పసిబిడ్డని చంకనేసుకుని యజమాని ఇంటి నుంచి నడిచి వచ్చేసింది. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం రద్దయింది ఆ మరుసటి ఏడు. 1843లో తన పేరు తనే మార్చుకుని ఊరూరా తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. చదవడం, రాయడం రాదు.

1851 మే నెలలో ఒహాయో రాష్ట్రం ఆక్రన్ ఊళ్లో స్త్రీల హక్కుల సభ జరిగింది. ఆ సభలో ఆమె మాట్లాడింది. మూడు వారాల తర్వాత, జూన్ 21న, 'యాంటీ స్లేవరీ బ్యూగిల్' అనే పత్రికలో ఆ ప్రసంగం అచ్చయింది. రాసింది మారియస్ రాబిన్సన్. ఆయన ఆ సభకి కార్యదర్శి, ఆ పత్రికకి సంపాదకుడు. ఆ పాఠంలో దక్షిణాది యాస లేదు. 'నేను స్త్రీని కానా?' అన్న వాక్యం ఒక్కసారి కూడా లేదు.

ఆ వాక్యం ఎప్పుడొచ్చింది? 12 ఏళ్ల తర్వాత. 1863 ఏప్రిల్‌లో, అంతర్యుద్ధం జరుగుతుండగా, 'న్యూయార్క్ ఇండిపెండెంట్' పత్రికలో ఫ్రాన్సెస్ డానా గేజ్ తన జ్ఞాపకంగా ఆ ప్రసంగాన్ని మళ్లీ రాసింది. గేజ్ తెల్లజాతి స్త్రీ, బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేసిన మనిషి, ఆక్రన్ సభకి అధ్యక్షురాలు. అంకుల్ టామ్స్ కాబిన్ రాసిన హ్యారియెట్ బీచర్ స్టోవ్ అదే నెలలో ట్రూత్ గురించి ఒక వ్యాసం అచ్చువేసింది. ఆమె మీద అందరి దృష్టీ పడ్డ సమయం అది. గేజ్ రాసిన పాఠం 1881లో స్త్రీల ఓటుహక్కు ఉద్యమ చరిత్ర మొదటి సంపుటంలోకి ఎక్కింది. అక్కణ్ణుంచి పాఠ్యపుస్తకాల్లోకి, పోస్టర్ల మీదికి, బెల్ హుక్స్ 1981 పుస్తకం పేరులోకి, నా జిరాక్సు కాపీల్లోకి.

ఇప్పుడు ఈ రెండు పాఠాల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. సాహిత్యం చదువుకున్నవాళ్లం, పాఠాంతరాలు పోల్చడం మనకి కొత్త కాదు. మూడు తేడాలు చూపిస్తాను.

మొదటిది పిల్లల సంగతి. గేజ్ పాఠంలో ట్రూత్ తనకి పదమూడుమంది పిల్లలనీ, దాదాపు అందరూ బానిసత్వంలోకి అమ్ముడుపోయారనీ, తల్లిగా తను ఏడిస్తే ఏసు తప్ప ఎవరూ వినలేదనీ చెప్తుంది. ఇక్కడే నేను అనువదిస్తూ ఏడ్చాను. నిజానికి ఆమెకి అయిదుగురు పిల్లలు. కొడుకు పీటర్‌ని చట్టవిరుద్ధంగా అలబామాకి అమ్మేస్తే, ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. కోర్టుకెళ్లింది. గెలిచింది. 1828లో కొడుకుని వెనక్కి తెచ్చుకుంది. నల్లజాతి స్త్రీ, చదువు రానిది, కోర్టులో తెల్లవాళ్ల మీద గెలిచిన కథ అది. గేజ్ పాఠంలో ఆ గెలుపు పోయింది. దాని స్థానంలో దేవుడు తప్ప దిక్కులేని తల్లి ఏడుపు వచ్చింది. ఎవరికి ఏది బాగుంటుందని వచ్చింది? పత్రిక చదివే తెల్లజాతి స్త్రీల కళ్లల్లో నీళ్లు తెప్పించడానికి గెలిచిన తల్లి కన్నా ఓడిన తల్లి పనికొస్తుంది. పదమూడుమంది అయితే ఇంకా పనికొస్తుంది.

రెండోది, ఆమె ఎక్కడ నిలబడి మాట్లాడుతోందన్నది. గేజ్ పాఠం మొదట్లోనే ఒక మాట ఉంది: దక్షిణాది నల్లవాళ్లూ, ఉత్తరాది స్త్రీలూ హక్కులడుగుతుంటే తెల్లమగవాళ్లు ఇరుకున పడతారు అని. ఇంకోసారి చూడండి. నల్లవాళ్లంటే దక్షిణాదివాళ్లు. స్త్రీలంటే ఉత్తరాదివాళ్లు. మరి మాట్లాడుతున్న మనిషి ఏ గుంపులో ఉంది? ఆమె ఉత్తరాది నల్లజాతి స్త్రీ. ఆ వాక్యంలో ఆమెకి చోటే లేదు. రాబిన్సన్ పాఠంలో ఈ భావం చివర్న వస్తుంది. ఒక పక్క బానిస, ఇంకో పక్క స్త్రీ మీదికొస్తుంటే మగవాడు డేగకీ రాబందుకీ మధ్య చిక్కినట్టు చిక్కాడంటుంది. అక్కడ ఉత్తరం, దక్షిణం అన్న పంపకం లేదు. బానిసగా బతికిన స్త్రీ ఆ రెండు పక్కల నుంచీ ఒకేసారి రాగలదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అది ఆ ప్రశ్నే. రాబిన్సన్ పాఠంలో ఆమె ప్రశ్నించదు, ప్రకటిస్తుంది. స్త్రీల హక్కులంటే నేనే అన్న అర్థంలో మొదలుపెడుతుంది. ఏ మగవాడికున్నంత కండబలం తనకుందనీ, దున్నాననీ, కోశాననీ, చెట్లు నరికాననీ, ఇంతకన్నా ఎక్కువ పని ఏ మగవాడైనా చేయగలడా అనీ లెక్క చెప్తుంది. బుద్ధి సంగతంటారా, స్త్రీకి ఒక గిద్దెడూ మగవాడికి సోలెడూ ఉందనే అనుకుందాం, ఆ గిద్దె నిండా ఆమెని నింపుకోనివ్వడానికి మీకేం బాధ అంటుంది. మా గిద్దెలో పట్టేదానికన్నా ఎక్కువ మేం తీసుకోలేంగా, భయపడకండి అని వెక్కిరిస్తుంది. ఏసు పుట్టింది దేవుడి వల్లా స్త్రీ వల్లా, అందులో మగవాడి పాత్రేముంది అని నిలదీస్తుంది. ఇది కూలి లెక్క తెలిసిన మనిషి చేసే వాదన. హాస్యం ఉంది, తర్కం ఉంది, బెదిరింపు ఉంది. ఆమె స్త్రీయో కాదో సభ తేల్చాలన్న ధ్వని మాత్రం లేదు.

గేజ్ పాఠంలోనూ ఆ పనుల జాబితా, ఆ కొలపాత్రల చమత్కారం, ఏసు మాట ఉన్నాయి. కానీ వాటి మధ్య నాలుగుసార్లు ఆమె సభవైపు తిరిగి అడుగుతుంది: నేను స్త్రీని కానా? ప్రశ్న ఎవరిని అడుగుతాం? జవాబు చెప్పే అధికారం ఎవరికుందనుకుంటామో వాళ్లని. 'స్త్రీ' అనే ఇల్లు అప్పటికే కట్టి ఉంది, తాళం తెల్లజాతి స్త్రీల దగ్గరుంది, ఈమె గుమ్మంలో నిలబడి నన్నూ రానివ్వండి అంటోంది. గేజ్ ఆమె చేత అడిగించింది అదే. ఆ ప్రశ్న మనకి అంత నచ్చడానికి కారణం కూడా అదేనేమోనని నా అనుమానం. చదువుకున్న స్త్రీలం, వేదిక ఎక్కినవాళ్లం, ఆ ప్రశ్న విని కళ్లు తుడుచుకుని 'అవును, నువ్వూ స్త్రీవే' అని ఉదారంగా జవాబు చెప్పొచ్చు. రాబిన్సన్ పాఠం మనకి ఆ అవకాశం ఇవ్వదు.

గేజ్‌ని దుర్మార్గురాలని నేననడం లేదు. అట్లా అంటే నా పని తేలికైపోతుంది. ఆమె ట్రూత్ పక్షాన నిలబడ్డ మనిషి. ట్రూత్ గొప్పతనం లోకానికి తెలియాలనే రాసింది. యాస పెడితే 'సహజంగా' ఉంటుందనుకుంది. పిల్లల సంఖ్య పెంచితే గుండెకి తగులుతుందనుకుంది. ఇప్పుడు నేను చేసిన పని చూడండి. డచ్చి మొదటి భాషగా ఉన్న న్యూయార్క్ స్త్రీకి గేజ్ దక్షిణాది యాస పెట్టింది. ఆ యాసకి నేను తెలంగాణ పల్లె భాష పెట్టాను. ఎందుకు? అణగారిన స్త్రీ, కష్టజీవి, చదువురానిది అనగానే నా చెవిలో మోగిన భాష అది. గుంటూరులో మా ఇంట్లో మాట్లాడే భాష ఎందుకు మోగలేదు? అది నాకు 'మామూలు' భాష కాబట్టి. సినిమావాళ్లు పనిమనిషికీ, రౌడీకీ, నవ్వించేవాడికీ ఏ భాష పెడుతూ వచ్చారో, నేను నా పూజ్యురాలికి అదే భాష పెట్టాను. వాళ్లు నవ్వడానికి పెట్టారు, నేను ఏడవడానికి పెట్టాను. ఆ అమ్మాయికి ఆ రెండూ ఒకే చోట నుంచి వచ్చాయని ఇట్టే అర్థమైంది.

మాండలికంలో రాయకూడదని నా మాటలకి అర్థం తీయొద్దు. గోగు శ్యామల, జూపాక సుభద్ర తమ భాషలో తాము రాసుకోవడం ఆత్మగౌరవ పోరాటం. ఆ భాషని సాహిత్యం కాదన్నవాళ్ల మొహం మీద రాసిన రాత అది. తన నోట ఉన్న భాషని తను రాసుకోవడం ఒకటి. ఇంకొకరి నోట్లో, ఆమెకి తెలియకుండా, ఆమె చచ్చిపోయిన నూరేళ్లకి పైగా అయ్యాక, నాకు తోచిన భాష కుక్కడం ఇంకొకటి. రెండిటికీ 'గొంతునివ్వడం' అని ఒకటే పేరు పెట్టి మనం చాలాకాలంగా సభలు నడుపుతున్నాం. గొంతు ఆమెకి ముందే ఉంది. మనమిచ్చింది యాస.

ఈ మాటలు ఒక సదస్సులో అన్నప్పుడు నాకు ఎదురైన అభ్యంతరాలు మూడు. ఇక్కడ జవాబు చెప్తాను.

పాత ప్రసంగాలన్నీ అంతే కదా, ఒక్క దీన్నే ఎందుకు పట్టుకున్నారు అన్నారు ఒకరు. నిజమే. ప్రసిద్ధ ప్రసంగాల సంకలనాల్లో ముందు వరసలో ఉండే పెరిక్లీస్ ప్రసంగమే తీసుకోండి. క్రీ.పూ. 431 చలికాలం, ఏథెన్స్‌లో, యుద్ధంలో చనిపోయినవాళ్ల అంత్యక్రియలప్పుడు చేసింది. మనకి దొరికేది థుసిడిడీస్ రాసిన పాఠం. ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి, భావానికి దగ్గరగా ఉంటూ, ఆ సందర్భానికి తగినట్టు ప్రసంగాలు రాశానని ఆయన తన పుస్తకంలో తనే చెప్పుకున్నాడు. అంటే చదివేవాళ్లకి ముందే హెచ్చరిక ఉంది. పైగా ఆ ప్రసంగం చివర వితంతువులకి చేసిన బోధ ఏమిటో తెలుసా? మంచికైనా చెడుకైనా మగవాళ్ల నోట మీ మాట ఎంత తక్కువ వస్తే మీకంత కీర్తి అని. మన ఆడపిల్లల చేత వేదికలెక్కించి కంఠస్థం చేయించే సంప్రదాయం ఇక్కడ మొదలవుతుంది, ఆడవాళ్లు ఊసులో కూడా ఉండొద్దనే చోట. ఇంకో విచిత్రం. ఆ ప్రసంగాన్ని కూర్చింది ఆస్పేషియా అనే స్త్రీ అని ప్లేటో తన మెనెక్సెనస్‌లో సోక్రటీస్ చేత అనిపిస్తాడు. అది ఎగతాళికే అన్నాడంటారు పండితులు చాలామంది. కావచ్చు. స్త్రీ ప్రసంగం రాసిందన్న మాటే నవ్వు తెప్పించే కాలం మరి.

1863నే చూడండి. గేజ్ పాఠం వచ్చిన ఏడాదే నవంబరులో లింకన్ గెటీస్‌బర్గ్‌లో మాట్లాడాడు. రెండు మూడు నిమిషాల ప్రసంగం. దానికి ఆయన చేతిరాతలో అయిదు ప్రతులున్నాయి. ఏ ప్రతిలో ఏ మాట ఉందో, ఏది లేదో పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. దేశాధ్యక్షుడి ఒక్కో మాటకీ అంత కాపలా. రాయడం రాని స్త్రీ ప్రసంగానికి మాత్రం పన్నెండేళ్ల తర్వాత వేరొకరి జ్ఞాపకం చాలు. అందుకే దీన్ని పట్టుకున్నాను. లింకన్‌కి చూపే అనుమానం, అంటే లింకన్‌కి చూపే గౌరవం, ఆమెకీ చూపించమంటున్నాను.

రాబిన్సన్ మాత్రం ఎవరు, ఆయనా తెల్లవాడే కదా, ఆయన రాసింది మాత్రం అచ్చంగా ఆమె మాటలేనా అన్నారు ఇంకొకరు. ఇది మంచి ప్రశ్న. అచ్చంగా కాదు. ఆయన కూడా ఆమె మాటల్ని పత్రిక భాషలోకి మార్చే ఉంటాడు. ఆమె గొంతులోని బలాన్ని కాగితం మీద పెట్టడం తన వల్ల కాదని ఆయనే ఒప్పుకున్నాడు. కాబట్టి ఇది అసలు, అది నకిలీ అని చెప్పి చేతులు దులుపుకోవడానికి లేదు. మూడు వారాల్లో రాసిన నివేదిక ఒకటి, పన్నెండేళ్లకి రాసిన కథనం ఒకటి. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎవరి కోసం రాశారో చెప్పి రెండూ చదవాలి. ఆమె అన్నది పూర్తిగా మన చేతికి రాదన్న సంగతి కూడా చెప్పాలి. ఆ ఖాళీని మనకి ఇష్టమైన వాక్యంతో పూడ్చకుండా ఉండటం కష్టమే. ఆమె కోసం ఆ మాత్రం కష్టం పడలేమా?

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. నాకు చాలా దగ్గరి స్నేహితురాలే అంది. ఆ ఒక్క వాక్యం ఎంతమంది ఆడవాళ్లకి బలమిచ్చింది, మన దళిత స్త్రీలు, మైనారిటీ స్త్రీలు మనల్ని అడిగిన ప్రశ్న కూడా అదే కదా, అబద్ధమైతే మాత్రమేం, దాన్ని లాక్కుంటావా అంది. నేను లాక్కోవడం లేదు. మన దళిత స్త్రీలు అడిగింది వాళ్ల సొంత ప్రశ్న. దానికి ఆక్రన్ సర్టిఫికెట్టు అక్కర్లేదు. 'నల్లపొద్దు' సంకలనం తెరిస్తే ఆ ప్రశ్న అడిగిన స్త్రీలు తమ పేర్లతో, తమ సంతకాలతో కనిపిస్తారు. గేజ్ వాక్యాన్ని కూడా ఎవరూ పారేయక్కర్లేదు. గేజ్ పేరుతో ఉంచుదాం. అది 1863లో ఒక తెల్లజాతి స్త్రీ రాసిన శక్తిమంతమైన వాక్యం. సోజర్నర్ ట్రూత్ ముప్ఫై ఏళ్ల దాకా కూలీ లేకుండా ఇతరులకి పనిచేసింది. ఆమె చేయని పనికి ఆమె పేరు వాడుకుని, ఆమె చేసిన పనిని మరుగుపరచడం కూడా అట్లాంటి దోపిడీయే. మనకి బలమిచ్చినంత మాత్రాన అది మనకి చెల్లిపోదు.

ఆమెకి తన ప్రతిబింబం మీద ఎంత పట్టు ఉండేదో తెలిస్తే ఈ సంగతి ఇంకా బాధ పెడుతుంది. ఫొటోలు కొత్తగా వస్తున్న ఆ రోజుల్లో ఆమె తన ఫొటోలు తీయించుకుని, 1864లో వాటి హక్కులు తన పేరున నమోదు చేయించుకుని, సభల్లో అమ్ముకుని బతికింది. ఆ ఫొటోల్లో కళ్లజోడు, శాలువా, చేతిలో అల్లిక, పక్కన బల్ల మీద పుస్తకం. చెదిరిన జుట్టూ, చిరిగిన బట్టలూ లేవు. తన్ను ఎట్లా చూడాలో లోకానికి ఆమె ఖచ్చితంగా చెప్పింది. బొమ్మ ఆమె చేతిలో ఉంది కాబట్టి చెప్పగలిగింది. అక్షరం ఆమె చేతిలో లేదు.

అసలు ప్రశ్నకి వస్తాను. నాకెందుకు సందేహం రాలేదు? అమీర్‌పేట గోడల మీద పబ్లిక్ స్పీకింగ్ కోచింగ్ బోర్డులు చూసి మనం నవ్వుకుంటాం. వాళ్లు నేర్పేది గొంతూ, చేతులూ, చూపూ, ఆలోచన కాదంటాం. మరి నేను నేర్పింది? భావం మనది, ఉద్యమం మనది, అంతే తేడా. విమర్శనాత్మక ఆలోచన అని సిలబస్‌లో రాసుకుని, దాన్ని ఎప్పుడూ ఎదుటివాళ్ల పాఠాల మీదే వాడాం. మనుస్మృతి మీద వాడాం, ప్రబంధాల మీద వాడాం, పెరిక్లీస్ మీద ఇప్పుడే వాడాను. మనకి నచ్చిన పాఠం ముందు మాత్రం కళ్లు మూసుకుని చప్పట్లు కొట్టాం. నచ్చనిదాన్ని అనుమానించడానికి ఆలోచనాశక్తి అక్కర్లేదు, కోపం చాలు.

ఈ పని ఎట్లా చేయాలో నేర్చుకోవడానికి మనం అమెరికా వెళ్లక్కర్లేదు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' అచ్చు ప్రతి చదివిన బెంగుళూరు నాగరత్నమ్మ అందులో ఏదో తగ్గిందని అనుమానించింది. రాతప్రతి సంపాదించి పోల్చింది. అచ్చులో ఎగిరిపోయిన భాగాల్ని తిరిగి చేర్చి 1910లో వావిళ్ల వారి చేత వేయించింది. కందుకూరి వీరేశలింగం అంతటి పెద్దమనిషి ఆ కావ్యాన్ని నిందిస్తే, ముందుమాటలో ఎదురు నిలిచి జవాబు చెప్పింది. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. దేవదాసి కుటుంబంలో పుట్టిన ఒక గాయని యూనివర్సిటీ గడప తొక్కకుండా చేసిన పని అది. ఆమె ముద్దుపళనికి గొంతునివ్వలేదు, ముద్దుపళని మాటల్ని ముద్దుపళనికి అప్పగించింది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు కూడా తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది రికార్డు చేసి, వాళ్ల పేర్లతో వేశారు. ఈ వారసత్వం ఇంట్లో పెట్టుకుని నేను జిరాక్సు కాపీ పట్టుకుని ఊరేగాను.

ఇంకో సిగ్గుచేటు సంగతి. అక్షరం పొల్లుపోకుండా భద్రపరిచిన స్త్రీల ప్రసంగాలు మనకి లేవా? రాజ్యాంగ సభలో 15 మంది స్త్రీలున్నారు. మన దుర్గాబాయి ఉంది. వాళ్ల మాటలు చర్చల నివేదికల్లో ఉన్నాయి. నెహ్రూ అర్ధరాత్రి ప్రసంగం ఆడపిల్లలు అప్పజెప్తున్నారు, బాగానే ఉంది. అదే 1947 ఆగస్టు 14 రాత్రి, అదే సభలో, భారత స్త్రీల తరఫున జాతీయ జెండాని సభకి అందిస్తూ హంసా మెహతా మాట్లాడింది. ఆ ప్రసంగాన్ని ఏ పోటీ జాబితాలోనైనా చూశారా? ఆ సభలో ఉన్న ఒకే ఒక్క దళిత స్త్రీ దాక్షాయణి వేలాయుధన్. 1946 డిసెంబరు 19న లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడింది. 1948 నవంబరు 29న అంటరానితనం నిషేధించే అధికరణం మీద మాట్లాడింది. అక్కడ గేజ్ లేదు, రాబిన్సన్ లేడు, యాస పెట్టేవాళ్లు లేరు. ఆమె అన్న మాటలు సభా నివేదికలో ఆమె పేరు కిందే ఉన్నాయి. అణగారిన స్త్రీ గొంతు కోసం అట్లాంటిక్ దాటి వెళ్లి కల్పిత వాక్యం తెచ్చుకున్న నేను, ఆ పేజీలు తిప్పి చూడలేదు. ఎందుకంటే ఆమె ఏడవలేదు. చట్టం గురించి, ప్రత్యేక నియోజకవర్గాల గురించి, దేశం ఎట్లా ఉండాలన్నదాని గురించి వాదించింది. వాదించే దళిత స్త్రీ మన మార్చి 8 సభలకి సరిపోలేదు.

కాబట్టి కాలేజీల్లో పనిచేస్తున్న మిత్రులందరికీ ఒక మాట. వక్తృత్వ పోటీలు మానేయమని అనను. ఆడపిల్ల వేదిక ఎక్కి పదిమంది ముందు గొంతెత్తడం చిన్న సంగతి కాదు. కానీ ఆ మార్కుల కాగితంలో ఇంకో గడి గీయండి. అప్పజెప్పిన అమ్మాయిని నాలుగు ప్రశ్నలు అడగండి. దీన్ని కాగితం మీద పెట్టింది ఎవరు? ఎప్పుడు? ఎదురుగా కూర్చుని విన్నది ఎవరు? ఇందులో ఏ మాటతో నువ్వు ఒప్పుకోవు? చివరి ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన పిల్లకి బహుమతి ఇవ్వండి, మధ్యలో రెండు వాక్యాలు మర్చిపోయినా సరే.

ఆ అమ్మాయికి ఆ రోజు మేం ఇచ్చిన బహుమతి తప్పు ప్రశ్నకి ఇచ్చింది. వేదిక మీద ఆమె అప్పజెప్పిన ప్రశ్నకి షీల్డు ఇచ్చాం. ఆటో స్టాండులో ఆమె సొంతంగా అడిగిన ప్రశ్న విన్నది నేనొక్కదాన్నే.

నా అనువాదాన్ని వెనక్కి తీసుకున్నాను. చేతనైనంతమందికి చెప్పాను. కానీ జిరాక్సు కాపీల్ని వెనక్కి పిలవడం ఎవరి వల్లా కాదు. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి దగ్గరైనా, ఏ ఫైల్లోనైనా అది ఉండి ఉంటుంది. చింపేయకండి. పైన సోజర్నర్ ట్రూత్ అని ఉన్నచోట గీత కొట్టి రాయండి: ఫ్రాన్సెస్ డానా గేజ్, 1863. దాని కింద యాస పెట్టినదాని పేరు కూడా రాయండి. అది నా పేరు.